తాబేళ్ల పనికి పోతున్న మేనల్లుడికి

చిరంజీవి అబ్బయ్యకు అత్త ఆశీస్సులు.

నెల్లూరులో రూము చూస్తున్నావని మీ నాన్న చెప్పాడు. పర్యావరణ సంస్థలో చేరాను కాబట్టి ఇక ఏసీ వద్దు, చేప వద్దు, హార్మోనియం కూడా అమ్మేస్తానంటున్నావంట. ఏళ్ల తరబడి ఈ తీరం వెంబడి ఇదే పని చేసినదాన్ని, చెప్తున్నా విను. ఇట్లా అన్నీ ఒక్కసారే వదిలేసినోళ్లు ఏడాది తిరక్కముందే ఉద్యోగం కూడా వదిలేసి బెంగళూరు బస్సెక్కారు.

ముందు రూము. మేడ మీది గది చవగ్గా వస్తుందని ఎగబడొద్దు. రోహిణి కార్తెలో ఆ శ్లాబు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుంది, నీ పట్టుదల రెండు రాత్రులు కూడా ఆగదు. పడమర పక్క చెట్టున్న కింది వాటా చూసుకో. మేడే గతి అయితే ఇంటాయన్ని బతిమాలి పైన సున్నం కొట్టించు. పచ్చాకు బొమ్మ వేసి అమ్మే వస్తువులేవీ కొనొద్దు. మీ అటక మీద స్టీలు క్యారియరుంది, అది తెచ్చుకో. గరిటెలంటావా, ఉదయగిరి చెక్కవి ఉండనే ఉన్నాయి.

చేప మానొద్దు. రేపట్నుంచి నీ పనంతా పట్టపుపాలేల్లోనే, అదే చేపలు పట్టేవాళ్ల ఊళ్లలోనే. వాళ్లింట్లో కంచం ముందు కూర్చుని వద్దంటే నీ మాట వాళ్లెందుకు వింటారు? కాకపోతే కాలం చూసి తిను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు, ఇంజను పడవలకు వేట నిషేధం. ఆ 61 రోజులు చెరువు చేపతో సరిపెట్టుకో. మామిడికాయలూ అప్పుడే కదా. మామిడి ముక్కలు చేపల పులుసు బాగా తెర్లినాక వెయ్యి, ముందే వేస్తే చితికిపోతాయి.

ఇక తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లేలనే సముద్రపు తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. గూటికి నూరు గుడ్ల దాకా ఉంటాయి, పిల్లలు పైకి రావడానికి నెలన్నర, రెండు నెలలు. పిల్ల వెలుతురు ఎటుంటే అటే పాకుతుంది. రొయ్యల గుంట దగ్గర ఫోకస్ లైటు వెలుగుతుంటే సముద్రానికి వీపు పెట్టి అటు పోతుంది. నీ టార్చికి ఎర్ర కాగితం చుట్టుకో. గుంట మీద లైటు ఆర్పమని రాత్రి పోయి గొడవపడకు. పగలు టీ కొట్టు దగ్గర కాపలా మనిషిని అడుగు, ఓనరు కంటే ఆయనే పనికొస్తాడు. చచ్చిన తాబేలు కొట్టుకొస్తే కొలత రాసుకో, ఫొటో తీసుకో. వెనకాల ఎవరి పడవో కనపడేట్టు తీసి స్టేటస్ పెట్టావా, ఆ పాలెంలో నీకు మంచినీళ్లు కూడా పుట్టవు.

హార్మోనియం అమ్మావంటే ఊరుకోను. రాత్రంతా ఇసకలో నడిచి చచ్చినవి లెక్కపెట్టొచ్చిన మనిషికి తాబేలుతో సంబంధం లేని పని ఒకటుండాలి. దాంట్లో కూడా పర్యావరణం పాటలు దూర్చకు, పద్యాలే వాయించుకో. ఆదివారం క్రికెట్ ఆడు, ఆఫీసు గ్రూపు చూడకు. కెమెరా పట్టుకుని చలికాలంలో నేలపట్టు పక్షుల కేంద్రానికి పో. తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మనకది నెల్లూరే. దొరవారిసత్రంలో రైలు దిగితే దగ్గరే. చెట్ల మీద గూడబాతులు పిల్లల్తో ఉంటాయి, గట్టు దిగి దగ్గరికి పోవద్దు.

డబ్బు సంగతి. ప్రాజెక్టు అయిపోయిన నెలే జీతం ఆగుతుంది, ఇట్లాంటి సంస్థల్లో ఇది మామూలే. మూడు నెలల ఖర్చు విడిగా దాచు. ఆఫీసులో ఇరవై మందికి పైగా ఉన్నారంటున్నావు గదా, అంతమంది ఉంటే పీఎఫ్ ఉండాలి. జీతం కాగితం మీద పీఎఫ్ నంబరుందో లేదో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త