కుక్క పురుగుల మందు నాకిందేమో అని డౌట్ వస్తే ఎలా గుర్తుపట్టాలి, ఏం చేయాలి?

ముందు నోరు చూడండి. మామూలు చొంగ కాదు, గడ్డం ఛాతీ తడిసిపోయేంతగా ఆగకుండా కారుతుంది, దాంతోపాటు వాంతులు, విరేచనాలు, కళ్ళల్లో నీళ్ళు, తూలుతూ నడవడం, ఆయాసం. తొడ మీద చెయ్యి పెడితే చర్మం కింద కండ సన్నగా అదురుతుంటుంది. క్లోరిపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులైతే కంటిపాప చాలాసార్లు ఆవగింజంత అయిపోతుంది, సైపర్‌మెత్రిన్ లాంటివైతే వణుకు, ఫిట్స్ ఎక్కువ. నిమిషాల్లో మొదలవ్వచ్చు, గంటలు పట్టొచ్చు, అందుకే ఇప్పుడు బాగానే ఉంది కదా అని ఆగకండి, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసి బయల్దేరండి.

డాక్టర్ చెప్పకుండా వాంతి మాత్రం చేయించొద్దు ప్లీజ్. చాలా లిక్విడ్ మందుల్లో పెట్రోలియం సాల్వెంట్ ఉంటుంది, వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. పాలు, నూనె, ఉప్పునీళ్ళు కూడా వద్దు, ఫిట్స్ వస్తుంటే నోట్లో చెయ్యి పెట్టొద్దు.

ఒంటి మీద పడితే, కుక్క స్పృహలో ఉంటే, గ్లవ్స్ వేసుకుని గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్ళలో కడిగేయండి, తడి ఒంటిని నాక్కోనివ్వకండి. పరిస్థితి సీరియస్‌గా ఉంటే స్నానం పక్కనపెట్టి హాస్పిటల్‌కి పరిగెత్తండి.

మందు డబ్బా తప్పకుండా తీసుకెళ్ళండి, కనీసం లేబుల్ ఫోటో, ఎందుకంటే ఆర్గానోఫాస్ఫేట్‌కి విరుగుడుగా అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ ఇస్తారు, సైపర్‌మెత్రిన్ రకానికి విరుగుడు లేదు, వణుకు తగ్గించే మందులు, సెలైన్‌తోనే కాపాడతారు. ఎంత తాగింది, ఎన్నింటికి, బరువెంత అన్నవి కూడా చెప్పండి.