గోడ మీది రావి బదనిక అవుతుందా?

సందేహం: "మా పాఠశాల గోడపత్రికకు సిద్ధవటం కోట మీద ఒక వ్యాసం రాశాను. అందులో 'కోటగోడల బీటలకు పట్టిన రావి బదనికలు రాళ్లను కదిలిస్తున్నాయి' అని ఒక వాక్యం ఉంది. బదనిక తప్పు, వృక్షోపజీవి (చెట్టు మీద చోటు మాత్రమే తీసుకొని పెరిగే మొక్క) అనాలని మా సైన్సు మాస్టారు అన్నారు. అంత గొడవ ఎందుకు, పిచ్చిమొక్కలు అంటే పోతుంది కదా అని ప్రధానోపాధ్యాయులు అన్నారు. మా పుట్టిల్లు కోడూరు. అక్కడ మామిడిచెట్ల మీద పెరిగే దాన్ని బదనిక అనడం చిన్నప్పటి నుంచి విన్నాను. చెట్టు మీద పెరిగితే బదనిక అయినది గోడ మీద పెరిగితే ఎందుకు కాదు? కోటలోని రావిచెట్లను పెళ్లగించాలని కూడా వ్యాసం చివర రాశాను. దోషాలుంటే చెప్పగలరు."
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, కడప

సమాధానం: అమ్మా, మీ పుట్టింటి మాట మంచి మాట. దాన్ని తెచ్చి పెట్టిన చోటే కుదరలేదు. మీ సైన్సు మాస్టారు అభ్యంతరం చెప్పడం వరకు న్యాయమే గాని, ఆయన ఇచ్చిన మాట మీ మాట కంటే ఎక్కువ చిక్కు పెడుతుంది. పిచ్చిమొక్క సంగతి తరువాత చూద్దాం.

ముందు కోడూరు మామిడితోటలోకే వెళ్దాం. మామిడికొమ్మ మీద కాస్త బూడిదరంగు కలిసిన మందపాటి ఆకులతో, నారింజ ఎరుపు గొట్టాల వంటి పూలతో వేరే గుబురు కనిపిస్తుంది. తేనెపిట్టలు ఆ పూల చుట్టూ తిరుగుతుంటాయి. పండు తిన్న చిన్న పిట్టలు జిగురుగా ఉండే గింజను కొమ్మకు రాసి వదిలించుకుంటాయి. ఆ గింజ అక్కడే అతుక్కొని మొలుస్తుంది. ఈసారి తోటకు వెళ్లినప్పుడు అటువంటి కొమ్మనొకదాన్ని అతుకు దగ్గర కోయించి చూడండి. పైకి ఉబ్బిన బుడిపె ఉంటుంది. లోపల మామిడి కలప ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. బెరడును చీల్చుకొని కొమ్మలోని నీటినాళాల దాకా దిగిన వేరు వంటి భాగం అది. అక్కడి నుంచి ముందుకు పోవలసిన నీరు మధ్యలోనే బదనికకు పోతుంది కాబట్టి, అతుకు దాటిన మామిడికొమ్మ సన్నగిల్లి, చివరికి ఎండిపోతుంది. బదనికకు పచ్చని ఆకులున్నాయి కాబట్టి ఎండను వాడుకొని పిండిపదార్థం తానే తయారు చేసుకుంటుంది. నీరూ లవణాలూ మాత్రం మామిడివి. శాస్త్రజ్ఞులు దీన్ని పాక్షిక పరాన్నజీవి అంటారు. ఆకులే లేని బంగారు తీగ, పొగాకు చేలలో వేరును పట్టుకొని లేచే పొగాకు మల్లె పూర్తి పరాన్నజీవులు.

పరాన్నజీవి అనే మాటను విడదీసి చూస్తేనే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. పరుల అన్నం తిని బతికేది అని దాని అర్థం. గోడకు అన్నం ఎక్కడిది? గోడ రావికి చోటు ఇచ్చిందే గాని విస్తరి వేయలేదు.

అయితే మీరు తెలుగు పండితులు. నిఘంటువు తీసి నా మీదికి రావచ్చు. అమరకోశంలో బదనికకు నాలుగు పేర్లున్నాయి: వందా, వృక్షాదనీ, వృక్షరుహా, జీవంతికా. అదనం అంటే తినడం కాబట్టి వృక్షాదని చెట్టును తినేది. ఇది నా పక్షం. వృక్షరుహ అంటే చెట్టు మీద పెరిగేది, అంతే. తిన్నదా లేదా అన్న విచారణ అందులో లేదు. ఇది మీ పక్షానికి పనికొస్తుంది. మొదటి పేరు వందా ఇంకా తమాషా అయినది. చెట్ల మీద పెరిగే ఒక ఆర్కిడ్ ప్రజాతికి వృక్షశాస్త్రంలో వాండా అనే పేరు ఈ సంస్కృత పదం నుంచే వచ్చింది. సంస్కృత పండితుడు విలియం జోన్స్ వాడిన ఆ పేరును రాబర్ట్ బ్రౌన్ 1820లో స్థిరపరిచాడు. (ఈ బ్రౌన్ మన కడప బ్రౌన్ దొర కాడు. స్కాట్లండుకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు.) వాండా చెట్టు నుంచి ఏమీ పీల్చదు. గాలిలో వేలాడే దాని వేళ్ల మీద మెత్తని పొర ఒకటి ఉంటుంది. వాననీటినీ గాలిలోని తేమనూ ఆ పొరే పట్టుకుంటుంది. చెట్టును తినేదాని పేరు చెట్టును తినని పూలమొక్కకు అంటుకుందన్నమాట. మన పల్లెల్లోనూ ఈ ఆర్కిడ్‌ను బదనిక అని పిలిచే వాడుక ఉంది.

అంటే బదనిక అనే మాటకు ఒక ఇరుకైన అర్థం, ఒక వదులైన అర్థం రెండూ పాతవే. చెట్టు నీరు తాగేది అనేది మొదటిది, చెట్టు మీద పెరిగే పరాయి మొక్క అనేది రెండోది. వదులైన అర్థాన్ని పట్టుకొని తాటిచెట్టు మొవ్వలో మొలిచిన రావిని ఎవరైనా బదనిక అంటే నేను పోట్లాటకు పోను, నేనైతే రాయను. కాని ఎంత వదులు చేసినా రెండు అర్థాల్లోనూ కింద ఒక చెట్టు ఉండాలి. కోటగోడ చెట్టు కాదు. అందుకే అక్కడ ఆ మాట నిలవదు.

మాస్టారి వృక్షోపజీవికీ ఇదే దెబ్బ తగులుతుంది. ఇంటర్ వృక్షశాస్త్రం చదివినవారికి ఈ పదం, దానికి ఉదాహరణగా వాండా గుర్తుండే ఉంటాయి. వృక్షం లేనిచోట వృక్షోపజీవి ఏమిటని అడగడం ఒక ప్రశ్న. నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం 'ఉపజీవి' మీద. ఉపజీవించడం అంటే ఒకదాన్ని జీవనాధారం చేసుకొని బతకడం. ఉపజీవనం అన్నప్పుడు మనం బతుకుతెరువునే చెబుతాం. చెట్టు మీద ఊరికే కూర్చున్న మొక్కకు ఈ పేరు పెట్టినవారు, అది చెట్టును తిని బతుకుతుందనే అపోహను పేరులోనే దాచి పెట్టారు. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన పదాన్ని ఇప్పుడు కదిలించలేం. దాన్ని గోడ దాకా లాగకుండా ఉంటే చాలు.

మరి గోడ మీది రావి ఎలా బతుకుతుంది? మీ బడి పిట్టగోడ మీదే ఒకటి ఉంటుంది, చూడండి. (పిట్టగోడలో పిట్ట పక్షి కాదు. పిట్టకథలో లాగా చిన్నది అని అర్థం. కాని రావిని అక్కడికి చేర్చింది మాత్రం నిజమైన పిట్టే.) రావిపండు విప్పితే లోపలంతా సన్నని గింజలు, వాటితో పాటు ఒకటి రెండు మిల్లీమీటర్ల కందిరీగలు. మేడిపండు పొట్టలో పురుగుల సంగతి మనకు తెలిసిందే. ఆ పురుగులే ఈ జాతి చెట్లకు పరాగసంపర్కం చేసేవి. రావికి ఒక జాతి కందిరీగ, మర్రికి మరొకటి. పువ్వులు పండు లోపలే ఉండడంతో బయటి తేనెటీగకు అక్కడ పని లేదు. గోరింకలు, కోకిలలు, కాకులు, పికిలిపిట్టలు, గబ్బిలాలు పండ్లు తిని గింజలను రెట్టతో పాటు గోడల మీద వదులుతాయి. నేల మీద పడిన గింజ తక్కిన మొక్కల నీడలో నెగ్గుకు రావడం అరుదు. గోడ సందులో పోటీ లేదు, వెలుతురు ఉంది, గానుగలో ఆడించిన పాతకాలపు సున్నం ఉంది. ఆ సున్నం గాలి ఆడేలా గుల్లగా ఉండి వానచెమ్మను కొంతకాలం పట్టి ఉంచుతుంది. ఎండలు మండే మన సీమలో ఆ కాస్త చెమ్మ చాలు.

పిట్టగోడ మీది మొలకను మెల్లగా లాగి చూస్తే పైన నాలుగు ఆకులే ఉన్నా కింద వేరు దారంలా పొడవుగా వస్తుంది. తెగినచోట తెల్లని పాలు కారతాయి. లేత ఆకు రాగిరంగులో మెరుస్తుంది, కొస తోకలా సాగి ఉంటుంది. తొడిమ పొడవు కాబట్టి గాలి లేదనుకున్నప్పుడు కూడా ఆకు కదులుతూనే ఉంటుంది. సంస్కృతంలో రావికి చలదలం అనే పేరు అందుకే వచ్చింది. కొన్నేళ్లకు వేరు రాళ్ల నడుమ దారి వెతుక్కుంటూ దిగి దిగి నేలను తాకుతుంది. అప్పటి నుంచి అది అన్ని చెట్లలాంటి చెట్టే. నేల నుంచే నీరు తెచ్చుకుంటుంది, గోడతో దానికి పని ఉండదు. అయినా వేళ్లు గోడలోనే లావెక్కుతుంటాయి కాబట్టి రాళ్లు పక్కకు జరుగుతాయి. కోట కూలడానికి కారణం రావి గోడను తినడం కాదు, ఒళ్లు చేయడం.

ఈ దశలను చెప్పడానికి తెలుగులో మాటలకు కరువు లేదు. వేరు సందుల వెంట సాగుతుంటే వేరు పారింది అంటాం. నేలను పట్టుకొని నిలదొక్కుకుంటే వేరూనింది అంటాం. గోడ మీది రావి చాలా ఏళ్లు వేరు పారుతూ ఉంటుంది, వేరూనేది తరువాత. ఈ రెంటినీ ఒకటి చేసి రాసేవారే ఎక్కువ. అలాగే మొలక, మొక్క, చెట్టు, మాను అనే వరుస. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెత ఈ వరుస తెలిసినవారు అన్నదే. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును ఎవరూ మర్రిమొక్క అనరు కదా. సుమారు 5 ఎకరాల మేర పరుచుకొని 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన మర్రి అది. మీ సిద్ధవటం పేరులో ఉన్న వటం కూడా మర్రే. కాబట్టి వ్యాసంలో ఎంత పెరిగిందో చూసి మొక్క అనో చెట్టు అనో రాయండి. జాతి చెప్పాలంటే గోడరావి అనండి. వినగానే అర్థమవుతుంది, శాస్త్రానికీ అడ్డు రాదు.

మీ వాక్యంలో ఇంకో రెండు మాటలున్నాయి. 'పట్టిన' అనే క్రియ బదనికతో పాటు కోడూరు నుంచే వచ్చినట్టుంది. మామిడికి బదనిక పట్టింది, గోడకు నాచు పట్టింది, కొయ్యకు చెద పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది అంటాం. అంటుకొని కమ్ముకునేవాటికి, ఆ వస్తువును చెరిచేవాటికి ఈ క్రియ సహజం. గింజ నుంచి లేచే మొక్కకు 'మొలిచిన' అన్నదే సరైనది. 'బీటలకు' అన్నది కూడా సరిచూసుకోండి. వేసవిలో నల్లరేగడి విచ్చుకుంటే నెర్రె. ఏకంగా ఉన్న గోడ చీలితే బీట. రెండు రాళ్ల నడుమ సున్నం రాలిపోయి మిగిలిన ఖాళీ సందు. కోటల్లో రావి ఎక్కువగా మొలిచేది సందుల్లోనే. అది లావెక్కిన తరువాత గోడ బీటలు వారుతుంది. మీ వాక్యం కార్యాన్ని కారణం చేసింది.

పిచ్చిమొక్క అనడంలో వ్యాకరణ దోషం లేదు. పిచ్చికుసుమ, పిచ్చితులసి అన్నప్పుడు ఆ పిచ్చికి, మతి పోవడానికి సంబంధం లేదు. సాగులో లేనిది, అక్కరకు రానిది అని అర్థం. అయితే అదే రావికి ఊరి మధ్య అరుగు కట్టి, నాగశిలలు నిలిపి ప్రదక్షిణలు చేస్తాం. ఆ మర్యాద వల్లే గోడ మీది రావిని కూడా తీయడానికి చాలామందికి చెయ్యి రాదు. అటువంటి చెట్టును రాతల్లో పిచ్చిమొక్క అంటే చదివేవారికి ఏ మొక్కో తెలియదు, తెలిసినవారికి నచ్చదు. ఆ గోడల మీదే విసనకర్రలా విచ్చుకునే చిన్న ఫెర్న్ మయూరశిఖ ఉంటుంది. ఎండకు ముడుచుకొని వానకు మళ్లీ పచ్చబడే ఆ మొక్క వల్ల ఏ రాయీ కదలదు. అన్నిటినీ పిచ్చిమొక్కలని ఒకే గాట కడితే అమాయకురాలైన మయూరశిఖ కూడా కొడవలికి బలి అవుతుంది.

ఇక మీరు చివర రాసిన 'పెళ్లగించాలి'. మొలకను పీకుతాం, మొక్కను పెరుకుతాం. మట్టితోనో రాళ్లతోనో సహా వేరును పైకి లేపడం పెళ్లగించడం. ముదిరిన రావిని కోటగోడ నుంచి నిజంగానే పెళ్లగిస్తే దాన్ని పట్టుకొని ఉన్న రాళ్లూ దానితో పాటే వస్తాయి. పోనీ నరకండి అంటే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. మొక్కగా ఉన్నప్పుడే వేరుతో పెరకాలి, ముదిరినదాన్ని అంచెలంచెలుగా కోసి, లోపలి వేరును చంపి, సందులను సున్నంతో పూడ్చాలి అని ఆ వాక్యాన్ని మార్చి రాయండి.