వారానికి ఆరు రోజులు జిమ్, శనివారం కొండ: కండ ఎందుకు ఆగిపోయింది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వయసు 22, బరువు 65 కిలోలు, ఉండేది తిరుపతి. ఐదు నెలలుగా ఆదివారం నుంచి శుక్రవారం దాకా రోజుకు రెండు గంటలు జిమ్. ఆదివారం లెగ్స్, సోమవారం చెస్ట్, మంగళవారం షోల్డర్స్, బుధవారం చేతులు, గురువారం బ్యాక్, శుక్రవారం మళ్ళీ చెస్ట్. శనివారం సెలవు, ఆ రోజు ఒక్కపొద్దు ఉండి అలిపిరి నుంచి కొండకు నడిచిపోయి, నడిచే దిగుతారు. మూడు నెలలు బాగా పెరిగారు. ఇప్పుడు బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని రాడ్డును ఛాతీ మీంచి పైకి తోయడం) 60 కిలోల దగ్గర ఆగింది, రెప్స్, అంటే ఆగకుండా ఎన్నిసార్లు ఎత్తారన్న లెక్క కూడా ఎనిమిది నుంచి ఆరుకు పడ్డాయి, కుడి భుజం ముందువైపు లాగుతోంది. రెస్ట్ తీసుకుంటే ఉన్న కండ కూడా పోతుందేమోనని భయం.

ముందు ఆ శనివారం సంగతి. మీరు సెలవు అని రాసిన రోజే మీ కాళ్ళకు వారంలోకెల్లా బరువైన రోజు. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, గాలిగోపురం చేరేసరికి చొక్కా తడుస్తుంది, కానీ కండకు అసలు దెబ్బ తగిలేది దిగేటప్పుడే. ప్రతి మెట్టుకూ ఒంటి బరువు కిందికి జారకుండా తొడ ముందు కండ సాగుతూ బ్రేకు వేస్తుంది. కండ సాగుతూ బరువు మోసే పనిలోనే పోగులు ఎక్కువ చితుకుతాయి. ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. అంటే ఆదివారం పొద్దున మీరు స్క్వాట్ రాడ్డు కిందికి దూరే సమయానికి తొడలు ఇంకా మరమ్మతు మొదలుపెట్టే దశలోనే ఉంటాయి. ప్రతివారం దిగేవాళ్ళకు నొప్పి పెద్దగా తెలియదు, కండ అలవాటు పడుతుంది. నొప్పి లేదు కాబట్టి అలసటా లేదనుకోవద్దు. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లే కదా అని అటు మారినా పెద్ద తేడా రాదు. దూరం తక్కువైనా ఆ దారి నిట్రంగా ఉంటుంది.

మొక్కు ఉంటే మానమని చెప్పను. నడిచి ఎక్కండి, బస్సులో దిగండి. ఈ ఒక్క మార్పుతో తొడల మీద భారం చాలా తగ్గుతుంది. నడిచే దిగాలనుకుంటే లెగ్స్‌ను మంగళవారానికి జరపండి.

ఇక భుజం. మీ షెడ్యూలులో చెస్ట్, షోల్డర్స్, చేతులు వేర్వేరు రోజులుగా కనిపిస్తున్నాయి గానీ భుజం ముందు కండకు అవన్నీ ఒకటే. బెంచ్‌లో అది తోస్తుంది, మంగళవారం రాడ్డును తల మీదికి తోసే ఓవర్‌హెడ్ ప్రెస్‌లో అదే తోస్తుంది, బుధవారం ట్రైసెప్స్ (చేతి వెనక కండ) కోసం రెండు కడ్డీల మధ్య ఒంటిని దించి లేపే డిప్స్ చేస్తే అందులోనూ అదే. శుక్రవారం మళ్ళీ బెంచ్. వారంలో నాలుగు రోజులు దానికి పని, వరుసగా మూడు రోజులు ఊపిరాడదు. కండ కంటే, దాన్ని ఎముకకు కట్టే స్నాయువు నిదానంగా కోలుకుంటుంది, అందుకే ముందు అదే మొరపెడుతుంది. బెంచ్ తగ్గడానికి ఛాతీలో బలం లేకపోవడం కారణం కాకపోవచ్చు.

బరువు ఎత్తడం కండకు కబురు పంపడం మాత్రమే. ఆ కబురు అందాక కొత్త ప్రోటీన్ కట్టే పని మామూలు కంటే పెరిగి ఒకటి, రెండు రోజుల పాటు సాగుతుంది. అది పూర్తికాక ముందే అదే చోట మళ్ళీ గట్టిగా కొడితే, కట్టడం కంటే చితికినదాన్ని సరిచేయడానికే ఒళ్ళు సరిపోతుంది. మొదటి మూడు నెలలు ఈ తప్పులు చేసినా పెరుగుతారు. కొత్తలో బరువులు చిన్నవి, నరాలు పని నేర్చుకోవడం వల్ల కూడా రెప్స్ పెరుగుతాయి. అందుకే చాలామంది నాలుగో నెల దాటాక ఆగి, జిమ్ మార్చాలా, పౌడర్ మార్చాలా అని అడుగుతారు.

కండ పోతుందన్న భయం సంగతి: వారం రోజులు జిమ్ పూర్తిగా మానినా కండ పోదు. నాలుగు రోజులకే చేతులు సన్నబడ్డట్టు అనిపించేది కండలో నిలవుండే చక్కెర రూపమైన గ్లైకోజెన్, దానితోపాటు నీరు తగ్గడం వల్ల. గ్రాము గ్లైకోజెన్‌కు సుమారు మూడు గ్రాముల నీరు పట్టి ఉంటుంది. మళ్ళీ రెండు రోజులు సరిగ్గా తిని ఎత్తితే ఆ నిండుతనం వచ్చేస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది. మొదటి వారం జిమ్‌కు మూడు రోజులే పోండి. సెట్లు (ఆగకుండా చేసే రెప్స్ విడతలు) సగానికి తగ్గించండి, బెంచ్‌పై 50 కిలోలు దాటొద్దు, ఏ సెట్‌లోనూ చివరి దాకా పోకుండా ఇంకా మూడు, నాలుగు రెప్స్ మిగిలి ఉండగానే రాడ్డు పెట్టేయండి. డిప్స్, ఓవర్‌హెడ్ ప్రెస్ ఆపేయండి. రెండో వారం నుంచి సోమవారం పైభాగం అంతా, మంగళవారం కాళ్ళు, బుధవారం సెలవు, గురువారం మళ్ళీ పైభాగం, దాని చివర తొడ వెనక కండకు మూడు సెట్లు. శుక్రవారం సెలవు, శనివారం కొండ, ఆదివారం పూర్తిగా ఇంట్లో. చూడ్డానికి ఇది చాలా తక్కువగా ఉంటుంది. కానీ ఒక్కో కండకు వారానికి పదీ పన్నెండు గట్టి సెట్లు పడితే మీ దశకు చాలు. అవి రెండు రోజులకు పంచితే, ఒక్క రోజే ఇరవై సెట్లు కుమ్మేదాని కంటే ప్రతి సెట్‌లోనూ పస ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మొదటి వారం లాంటి తేలిక వారం పెట్టుకోండి.

సెట్టుకూ సెట్టుకూ మధ్య గ్యాప్ ఇస్తే కండ చల్లారిపోతుందని మన జిమ్ముల్లో ఒక నమ్మకం ఉంది. బెంచ్, స్క్వాట్ లాంటివాటికి రెండు నుంచి మూడు నిమిషాలు ఆగాల్సిందే. 45 సెకన్లకే మళ్ళీ పడుకుంటే ఎనిమిది రావాల్సిన చోట ఐదే వస్తాయి, ఎత్తిన మొత్తం తగ్గుతుంది. చేతుల కర్ల్స్‌కు నిమిషం, నిమిషంన్నర చాలు.

నిద్ర గురించి మీరు ఏమీ రాయలేదు. తెల్లవారుజామున ఐదుకే జిమ్‌లో ఉండేవాళ్ళలో ఎక్కువమంది పన్నెండుకు పడుకుంటారు. ఏడు గంటలకు తక్కువ నిద్రతో నెలలు గడిపితే ఏ షెడ్యూలూ పనిచేయదు. లాడ్జీలోనో హోటల్లోనో నైట్ డ్యూటీ చేస్తుంటే డ్యూటీ దిగగానే బరువులు ఎత్తకండి. నిద్రపోయి లేచి, తిని, సాయంత్రం పోండి. సాయంత్రం ఐదు తర్వాత కాఫీ, ప్రీ వర్కౌట్ పౌడర్ వద్దు. వాటిలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

తిండి దగ్గర రెస్ట్ రోజున తక్కువ తినడం పెద్ద పొరపాటు, కండ కట్టే పని ఆ రోజూ సాగుతుంది కదా. మీ బరువుకు కిలోకు 1.6 గ్రాముల చొప్పున రోజుకు 104 గ్రాముల ప్రోటీన్ కావాలి. నాలుగు గుడ్లలో 25, ఎముక లేని పచ్చి చికెన్ 150 గ్రాములు వండుకుంటే 33, అర లీటరు పాలలో 16, ఎండు మీల్ మేకర్ 30 గ్రాములకు 15, కప్పు పప్పు 8, కప్పు పెరుగు 7. సరిగ్గా సరిపోయింది. శెనక్కాయలు మంచివే, కానీ వాటిలో ప్రోటీన్ కంటే నూనె ఎక్కువ. వాటితోనే లెక్క నింపాలనుకుంటే పొట్ట వస్తుంది. సంగటి, అన్నం తగ్గించకండి, గ్లైకోజెన్ నిండేది వాటితోనే.

శనివారం గుడ్డు, మాంసం ఉండవు కాబట్టి 58 గ్రాములు గల్లంతవుతాయి. రాత్రి ఒక్కపొద్దు విడిచేటప్పుడు 50 గ్రాముల మీల్ మేకర్, 100 గ్రాముల పనీర్, మరో అర లీటరు పాలు అదనంగా తీసుకుంటే ఆ లోటు పూడుతుంది. పొద్దున పాలు, అరటిపండు మీ నియమానికి కుదిరితే అవి తీసుకునే ఎక్కండి.

ఎండాకాలం ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని జిమ్ అయితే పోయే ముందు, వచ్చాక బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరున్నర దాకా ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్ళు రెండు మూడు గంటల్లో నిదానంగా తాగాలి.

కోలుకున్నారో లేదో నొప్పిని బట్టి చూడకండి, నోటు పుస్తకాన్ని బట్టి చూడండి. పోయినసారి అదే బరువుతో చేసిన రెప్స్ ఈసారీ వచ్చాయా, ఒకటి పెరిగిందా? వరుసగా రెండుసార్లు తగ్గితే అలసట పేరుకుందని అర్థం. లేవగానే మంచం మీదే నిమిషం పాటు నాడి లెక్కపెట్టి రాసుకోండి; రోజూ ఉండేదానికంటే ఏడెనిమిది ఎక్కువగా మూడు నాలుగు రోజులు ఉంటే, అది తగ్గేదాకా ఎత్తకండి, అరగంట నడవండి చాలు.

భుజం నొప్పికి రోజూ మాత్ర వేసుకుని ఎత్తడం మాత్రం మానండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి చేటు. రెండు వారాలు బరువు తగ్గించినా చెయ్యి పైకి లేపితే చురుక్కుమంటుంటే, రాత్రి ఆ వైపు పడుకోలేకపోతుంటే ఎముకల డాక్టరుకు చూపించండి. విపరీతంగా చేసిన తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే అది కండ నొప్పి కాదు, ఆ రోజే ఎమర్జెన్సీకి పోవాలి.

తేలిక వారం అయ్యాక బెంచ్‌ను 55తో మొదలుపెట్టండి, ఎనిమిదేసి రెప్స్ మూడు సెట్లు. అన్నీ వస్తేనే మరుసటి వారం రెండున్నర కిలోలు పెంచండి. మూడో వారానికి 60 మళ్ళీ చేతిలో ఉంటుంది. అప్పటికి భుజం లాగకుండా ఉంటే ఓవర్‌హెడ్ ప్రెస్‌ను గురువారం రెండు సెట్లతో తిరిగి చేర్చండి.