శాలువా సంగతి సరే, అత్తమ్మ మాటేమిటి?

ప్రశ్న: నేను మెదక్ జిల్లాలో పదహారేళ్లుగా ఆశా కార్యకర్తను. మనసు బాగాలేని వారిని గుర్తించి, ఇంటివారికి నచ్చజెప్పి, జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్తుంటాను. అక్టోబర్ 10న మా ఊరి మహిళా సంఘం నాకూ మరో ఇద్దరికీ సన్మానం చేస్తామంటోంది. మా మరిదికి పద్నాలుగేళ్లుగా స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉంది. మా వారు ‘ఆ శాలువా కప్పవలసింది నీకు కాదు, మా అమ్మకు’ అని ముఖం తిప్పుకున్నారు. భర్తకు ఇష్టం లేని సన్మానం తీసుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. వెళ్లి కప్పించుకోండి. టీకాలకూ కాన్పులకూ మీకు పారితోషికం లెక్క ఉంటుంది గాని, రాత్రి పది గంటలకు పురుగుల మందు డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి పక్కన తెల్లవార్లూ కూర్చున్నందుకు ఏ పద్దు కిందా లెక్క లేదు. ఊరివారు ఆ లెక్కను గుర్తుపెట్టుకుని పిలిస్తే వద్దనడం వినయం అనిపించుకోదు. సభలో ఎమ్మెల్యే గారి రాక కోసం మిమ్మల్ని మూడు గంటలు ఎండలో కూర్చోబెట్టకుండా ఉంటే చాలు.

మీ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కరలేదు. నాలుగు పేజీల మీ ఉత్తరంలో నన్ను ఆపినవి వేరే రెండు చోట్లు. రెండో పేజీలో, కూతురికి తాయెత్తులు కట్టించి ఆరు నెలలు ఇంట్లోనే దాచిన ఒక తల్లి గురించి రాశారు. ఆమెను ఒక్క మాట కూడా అనకుండా నాలుగు సార్లు వెళ్లి, ఆమెతో పాటు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుని, ఐదోసారి ఆసుపత్రి మాట ఎత్తానన్నారు. చదువుతుంటే నాకు మీ మీద గౌరవం కలిగింది. చివరి పేజీలో మాత్రం, ‘మా అత్తమ్మ మొదటి మూడేళ్లు అతణ్ణి గుళ్ల చుట్టూ, దర్గాల చుట్టూ, భూతవైద్యుల చుట్టూ తిప్పి, రెండెకరాలు అమ్మి మనిషిని పాడు చేసింది, అందుకే ఆమెతో అవసరానికి మించి మాట్లాడను’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ఆ ఇద్దరు తల్లులూ చేసింది ఒకే పని. ఒకరికి మీ ఓర్పు దక్కింది, రెండో ఆవిడకు పదకొండేళ్ల మౌనం దక్కింది. మీ వారి మాటలో మీకు అసూయ కనబడింది గాని, నాకు కనబడలేదు. తల్లి చాకిరీ ఇంట్లో ఎవరి కంటా పడలేదన్న కడుపుమంటను ఆయన మోటుగా చెప్పారు, అంతే. ఆయనతో వాదించకండి, గొడవ ఆయనతో కాదు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో మొదట మొదలైన నాలుగు జిల్లాల్లో మీ మెదక్ ఒకటి. అయినా ఆసుపత్రిలో దీనికి మందు ఉందని మీ అత్తమ్మకు ఎవరు చెప్పారు? అప్పటికే మీరు ఆశాగా ఉన్నారు, మీకే ఆ సంగతి తెలియడానికి మూడేళ్లు పట్టింది. ఆ కోపంలో కొంత మీ మీద మీకున్నదేమో ఒకసారి చూసుకోండి. తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర, మనసు బాగాలేని వారిని ఉంచే ఒక ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉండడం వల్ల తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. అలాంటి చోట్ల మనుషులను వదిలి వెళ్లేది చాలాసార్లు అయినవాళ్లే. మీ అత్తమ్మ మాత్రం తిప్పిన ప్రతి చోటు నుంచీ కొడుకును వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు రోజూ రాత్రి మాత్ర వేసి, నోరు తెరిపించి చూసి, ఆ గది గుమ్మంలోనే చాప వేసుకుంటుందని రాసింది మీరే. మీరు ఊరంతా తిరగగలిగింది ఆ చాప వల్లనేనని నేను అంటే మీకు కష్టంగా ఉంటుంది, అయినా అంటున్నాను.

అలాగని ఆమెను వేదిక మీదికి లాగి, కథంతా మైకులో చెప్పి చప్పట్లు కొట్టించకండి. ఆ జబ్బు మీ మరిదిది. దాన్ని గోప్యంగా ఉంచుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అతనికే ఇచ్చింది. అతను సరేనంటేనే ఆ మాట ఇల్లు దాటాలి. మరో సంగతి, ఊరి వారికి వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరాల తేదీలు చెప్పే మీరు అతని ధ్రువపత్రం గురించి ఒక్క ముక్క రాయలేదు. వైకల్యం 40 శాతం అని తేలితే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చని మీకు నేను చెప్పాలా?

సన్మానానికి ఇంకా వారం ఉందనగా ఒక సాయంత్రం అత్తమ్మ పక్కన కూర్చోండి. చిక్కుడుకాయలే కానక్కరలేదు, చింతపండు గింజ తీసే పనైనా సరే. భూతవైద్యుల ఊసు ఎత్తకండి. ఏ మాత్ర ముందు ఇవ్వాలి, వద్దని మొండికేస్తే ఏ మాట అంటే మింగుతాడు, ఎన్ని గంటలకు నిద్రపోతాడు అని అడిగి నేర్చుకోండి. పదో తేదీ రాత్రి సభ నుంచి వచ్చాక మాత్ర మీరు ఇవ్వండి, గుమ్మంలో చాప మీరు వేసుకోండి, ఆమెను లోపల మంచం మీద పడుకోమనండి. మొదట ఒప్పుకోదు. మరునాడు మళ్లీ అడగండి.