పాత ప్లేస్టేషన్ 4ను బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: మా పిల్లల కోసం 2016లో కొన్న వీడియో గేమ్ యంత్రం ప్లేస్టేషన్ 4 (పీఎస్4) తొలి మోడల్‌ను ఇప్పటికీ వాడుతున్నాం. ఈ వేసవి నుంచి ఆట మొదలుపెట్టిన అరగంటకే ఫ్యాన్ హోరెత్తడం, బాగా వేడెక్కిందన్న హెచ్చరిక తెరపై కనిపించడం, ఆ వెంటనే ఆగిపోవడం జరుగుతోంది. ఆటలు లోడ్ కావడానికి కూడా చాలాసేపు పడుతోంది. దుకాణంలో చూపిస్తే బోర్డు పోయిందని, మరమ్మతు దండగని అన్నారు. మా దగ్గర ముప్పై దాకా డిస్కులున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి బోర్డు, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ అయిన మదర్‌బోర్డు, పోయిందనడం తొందరపాటు. బోర్డు పాడైన యంత్రం సాధారణంగా ఆన్ కాదు, లేదా నీలం దీపం మిణుకుమంటూనే ఉండి తెరపై బొమ్మ రాకుండానే ఆరిపోతుంది. అరగంట చక్కగా ఆడాక హెచ్చరిక ఇచ్చి మరీ ఆగిందంటే, లోపలి వేడి బయటికి పోవడం లేదని అర్థం. ఈ మోడల్‌లో ఫ్యాన్ లాగిన గాలి హీట్‌సింక్ (ప్రధాన చిప్ వేడిని లాగేసే లోహపు భాగం) రేకుల సందుల్లోంచి, ఆపైన పవర్ సప్లై గుండా వెనక్కి పోతుంది. ఏళ్ల తరబడి వాడిన యంత్రాన్ని విప్పి చూస్తే ఆ సన్నని రేకుల మధ్య దుమ్ము దుప్పటిలా అట్టకట్టి ఉంటుంది. చిప్‌కూ హీట్‌సింక్‌కూ నడుమ వేడిని చేరవేయడానికి రాసిన థర్మల్ పేస్టు ఎండి పొడిపొడిగా రాలుతుంది. కాబట్టి పైపైన బ్లోయర్ కొట్టించి ఊరుకోకుండా, పవర్ సప్లై, హీట్‌సింక్ రెండూ తీసి శుభ్రం చేసి, కొత్త పేస్టు రాయమని స్పష్టంగా అడగండి. ప్లగ్గు తీసినా పవర్ సప్లై కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది కనుక ఇంట్లో మాత్రం విప్పకండి.

దుకాణానికి ఇచ్చే ముందే పిల్లల సేవ్ డేటాను (ఆటలో ఎంతదాకా వచ్చారో నమోదై ఉండే ఫైళ్లను) సెట్టింగ్స్‌లోంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డిస్కు పోతే ఆటను మళ్లీ కొనుక్కోవచ్చు గానీ, వాళ్లు ఏళ్లుగా ఆడి సాధించింది తిరిగి రాదు.

లోడింగ్ ఆలస్యం వేరే సంగతి. యంత్రాన్ని పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ను రెండో బీప్ వచ్చేదాకా నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అనే మరమ్మతు మెనూ వస్తుంది. కంట్రోలర్‌ను కేబుల్‌తో కలిపి, అందులో ఐదోదైన ‘రీబిల్డ్ డేటాబేస్’ ఎంచుకోండి. ఆరు, ఏడు జోలికి పోవద్దు, అవి అన్నిటినీ చెరిపేస్తాయి. అప్పటికీ మార్పు లేకపోతే హార్డ్‌డిస్క్ అరిగిందనుకోవచ్చు. దాన్ని మార్చుకోవడానికి సోనీయే వీలు కల్పించింది, 2.5 అంగుళాల సైజులో, 9.5 మిల్లీమీటర్లకు మించని మందంతో ఉన్న సాటా రకం ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే స్టోరేజీ) వేయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా ఆగిపోతుంటే ఇక ఖర్చు పెట్టవద్దు. చిప్‌ను వేడిచేసి మళ్లీ అతికించే రిపేర్లు ఎంతకాలం నిలుస్తాయో చెప్పలేం. మదర్‌బోర్డు మారుస్తామన్నా ఒప్పుకోకండి. డిస్క్ డ్రైవ్‌లోని సర్క్యూట్ బోర్డు అసలు మదర్‌బోర్డుతో జతపడి ఉంటుంది కాబట్టి, ఒక్క మదర్‌బోర్డు మారిస్తే మీ డిస్కులు చదవదు.

మన దేశంలో 2021 ఫిబ్రవరిలో విడుదలైన ప్లేస్టేషన్ 5లో పీఎస్4 ఆటలు దాదాపు అన్నీ ఆడతాయి, పెన్‌డ్రైవ్‌లోని పీఎస్4 సేవ్ డేటా కూడా అందులోకి ఎక్కుతుంది. అయితే ముప్పై డిస్కులున్న మీరు ధర తక్కువని డిస్క్ డ్రైవ్ లేకుండా వచ్చే డిజిటల్ ఎడిషన్ తీసుకుంటే అవి అందులో నేరుగా ఆడవు. డిస్క్ డ్రైవ్ ఉన్నదే కొనండి. పాత కంట్రోలర్లు అందులో పీఎస్4 ఆటలకు పనికొస్తాయి, పీఎస్5 ఆటలకు మాత్రం పనికిరావు.