ఆ అల్లోప్యూరినాల్ ఇంకా మొదలుపెట్టకండి

ప్రశ్న: మా వారి వయసు 48. ఆరేళ్ల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. కిడ్నీ ఇచ్చింది నేనే. ఇన్నాళ్లూ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3 దాటలేదు. పోయిన నెల ఒక రాత్రి ఉన్నట్టుండి కుడికాలి బొటనవేలి మొదట్లో వాచి ఎర్రబడింది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయారు. దగ్గర్లోని డాక్టరు డైక్లోఫెనాక్ రాశారు. నొప్పి తగ్గింది కానీ తర్వాత చేయించిన పరీక్షలో క్రియాటినిన్ 1.8, యూరిక్ యాసిడ్ 9.4 వచ్చాయి. గౌట్ అని చెప్పి ఇంకో డాక్టరు అల్లోప్యూరినాల్ 300, కోల్చిసిన్ రాశారు. భయమేసి అవి ఇంకా వేయలేదు. ఆయన రోజూ వాడేవి సైక్లోస్పోరిన్, అజథయోప్రిన్, ప్రెడ్నిసలోన్ 5 మి.గ్రా., బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్. పప్పులు, మాంసం పూర్తిగా మానేశారు. కొత్త మాత్రలు వాడొచ్చా? కిడ్నీ పాడైపోతోందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ మాత్రలు వేయకుండా ఆగి చాలా మంచి పని చేశారమ్మా. ఆ రెండింటినీ పక్కన పెట్టండి. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా రోజూ వాడే సైక్లోస్పోరిన్, అజథయోప్రిన్, ప్రెడ్నిసలోన్ మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు. ట్రాన్స్‌ప్లాంట్ చేసిన డాక్టర్ల దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో చెప్తాను.

అన్నిటికన్నా ముందు అజథయోప్రిన్ సంగతి. దీన్ని శరీరం వదిలించుకునే దారుల్లో జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఒకటి. అల్లోప్యూరినాల్ అడ్డుకునేది సరిగ్గా ఆ ఎంజైమునే. యూరిక్ యాసిడ్‌ను తయారుచేసేదీ అదే కాబట్టి దాన్ని ఆపితే యూరిక్ యాసిడ్ తగ్గుతుంది. కానీ అజథయోప్రిన్ బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. రోజూ వేసుకునే మామూలు డోసే ఒంట్లో పేరుకుని, కొన్ని వారాల్లో ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయనకు ఇలాగే ఇద్దరు డాక్టర్లు చెరొక మాత్ర రాశారు. ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు. తెల్లకణాలు బాగా తగ్గిపోయి న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరారు. కోలుకున్నారు గానీ, అంత కష్టం ఆయన పడాల్సిన అవసరమే లేదని ఇప్పటికీ బాధేస్తుంది.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. అజథయోప్రిన్, అల్లోప్యూరినాల్ రెండూ గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ కలిసి చేసిన పరిశోధనల్లోంచే వచ్చాయి. 1988లో నోబెల్ బహుమతి అందుకున్నవాళ్లలో ఆ ఇద్దరూ ఉన్నారు. అజథయోప్రిన్ ఒంట్లోకి వెళ్లాక 6-మెర్కాప్టోప్యూరిన్‌గా మారుతుంది. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) రోగుల్లో ఆ మందు త్వరగా విరిగిపోకుండా, ఎక్కువసేపు పనిచేసేలా చేయడానికే అల్లోప్యూరినాల్‌ను మొదట పరీక్షించారు. గౌట్‌కు అది మందయింది ఆ తర్వాతే. అంటే మీ వారి విషయంలో నేను భయపడుతున్న ఆ ప్రభావాన్నే అప్పట్లో వాళ్లు కావాలని కోరుకున్నారు. యూరిక్ యాసిడ్ తగ్గించే ఇంకో మందు ఫెబుక్సోస్టాట్‌కు మారితే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది ఆపేదీ ఆ ఎంజైమునే.

మరి దారి లేదా అంటే, ఉంది. అజథయోప్రిన్ బదులు మైకోఫెనొలేట్ ఇవ్వొచ్చేమో మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరును అడగండి. దానికి అల్లోప్యూరినాల్‌తో ఈ గొడవ ఉండదు. మార్చడం కుదరకపోతే అజథయోప్రిన్ డోసు దాదాపు నాలుగో వంతుకు తగ్గించి, రక్తకణాల పరీక్ష తరచూ చేయిస్తూ కొందరు జాగ్రత్తగా నెట్టుకొస్తారు. నాకైతే మొదటి పద్ధతే నచ్చుతుంది. ఏదైనా నిర్ణయం వాళ్లదే. ఇంట్లో మీరుగా ఏ డోసూ మార్చకండి.

ఆ ఇబ్బంది తీరాక కూడా 300తో మొదలుపెట్టకూడదు. కిడ్నీ పనితీరు తక్కువగా ఉన్నవాళ్లకు 50 లేదా 100 మి.గ్రా.తో మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి పరీక్ష చూసుకుంటూ పెంచాలి. యూరిక్ యాసిడ్ 6 కంటే కిందికి రావాలి. చర్మం కింద గడ్డల్లా పేరుకుని ఉంటే 5 కంటే కిందికి. మందు మొదలైన తొలి నెలల్లో మళ్లీ నొప్పి రావచ్చు. కీళ్లలో పేరుకున్న పాత యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కరుగుతున్నప్పుడు అలా జరుగుతుంది, అందుకని మందు ఆపేయకూడదు. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం ఆ రోజే ఆపి డాక్టరుకు చూపించాలి.

గౌట్ నొప్పికి ఇచ్చే కోల్చిసిన్ చిన్న మాత్రే కదా అనిపిస్తుంది. కానీ అది శరీరం నుంచి బయటికి పోకుండా సైక్లోస్పోరిన్ అడ్డుపడుతుంది. కండరాలు, నరాలు దెబ్బతింటాయి, మెట్లెక్కడం కష్టమవుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడేవాళ్లకు కండరాల ముప్పు ఇంకా ఎక్కువ. ఇవ్వాలా, ఇస్తే ఎంత తక్కువ ఇవ్వాలి అన్నది మీ వారి మందులన్నీ చూసిన డాక్టరే తేల్చాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎటోరికాక్సిబ్ లాంటి నొప్పి మాత్రలు ఇకపై ఎవరు ఇచ్చినా వద్దనండి. సైక్లోస్పోరిన్ ఎలాగూ కిడ్నీలోకి రక్తాన్ని తీసుకెళ్లే సన్నని నాళాలను కుదిస్తుంది. ఈ మాత్రలు వాటిని ఇంకా బిగించేస్తాయి.

మళ్లీ నొప్పి వస్తే ఎక్కువమందికి చేసేది ప్రెడ్నిసలోన్ డోసు కొన్నాళ్లు పెంచి, మళ్లీ పాత డోసుకు తగ్గించడం. షుగర్ ఉంటే ఆ రోజుల్లో దాన్ని గమనిస్తూ ఉండాలి. ఒకే కీలు వాచితే అందులోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా ఇవ్వొచ్చు.

అయితే వాచిన ప్రతి కీలూ గౌట్ కాదు. మీ వారి లాంటివాళ్లకు కీలులో ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం పెద్దగా కనిపించకపోవచ్చు, ఎందుకంటే స్టెరాయిడ్ దాన్ని అణిచేస్తుంది. చీము పట్టిన కీలులో స్టెరాయిడ్ వేస్తే కొంప మునుగుతుంది. అందుకే అనుమానం ఉన్నప్పుడు కీలులోంచి సూదితో నీరు తీసి చూడాలి. మైక్రోస్కోపులో సూదుల్లాంటి స్ఫటికాలు కనిపిస్తే అది గౌట్. ఆ నీటినే క్రిములున్నాయేమో చూసే కల్చర్‌ పరీక్షకూ పంపాలి, ఎందుకంటే గౌట్, ఇన్ఫెక్షన్ రెండూ కలిసి ఉండే కేసులూ ఉన్నాయి. ఇంకో మాట, నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా రావచ్చు. అది చూసి గౌట్ కాదనేయకూడదు. తగ్గిన రెండు వారాలకు మళ్లీ చేయిస్తే అసలు అంకె తెలుస్తుంది.

ఇదంతా ఎందుకొచ్చిందని ఆయన తిండి మీద అనుమానపడుతున్నారు. నాకైతే అనుమానం మందుల మీదే. సైక్లోస్పోరిన్ వల్ల కిడ్నీ యూరిక్ యాసిడ్‌ను సరిగా బయటికి పంపలేదు. హైడ్రోక్లోరోథయజైడ్ కూడా అదే పని చేస్తుంది. రక్తంలో అది 6.8 దాటితే స్ఫటికాలుగా మారే అవకాశం మొదలవుతుంది. పాదం చివర ఒంటి కన్నా చల్లగా ఉంటుంది కాబట్టి బొటనవేలికి ముందు తగులుతుంది. బీపీ మాత్ర మార్చమని అడగండి. లొసార్టాన్ యూరిక్ యాసిడ్‌ను కాస్త తగ్గిస్తుంది కూడా, కానీ పొటాషియం, క్రియాటినిన్ చూసుకుంటూ వాడాలి. పప్పులు మానక్కర్లేదు, వాటితో గౌట్ ముప్పు పెరుగుతుందన్న ఆధారం లేదు. తగ్గించాల్సినవి బీరు, మిగతా మద్యం, తియ్యటి కూల్‌డ్రింకులు, లివర్ లాంటివి, ఎర్ర మాంసం. అవి పాటించినా యూరిక్ యాసిడ్ తగ్గేది ఓ పాయింటు దాకానే. ఆయన కడుపు మాడ్చుకోవద్దని చెప్పండి.

ఇక మీ అసలు భయం. క్రియాటినిన్ పెరిగింది డైక్లోఫెనాక్ వల్లే అయితే, మాత్ర ఆపేశాక చాలామందిలో మళ్లీ దిగుతుంది. దిగుతుందిలే అని ఎదురుచూస్తూ కూర్చోవద్దు. క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, సైక్లోస్పోరిన్ లెవెల్ ఈ వారమే చేయించండి. దిగకపోతే, శరీరం కిడ్నీని తిరస్కరిస్తోందేమో వాళ్లు వెంటనే చూస్తారు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి మాత్ర, పొడి, కషాయం ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు కిడ్నీ మార్పిడి జరిగి రెండేళ్లయింది. టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ వాడుతున్నాను. ఏ నొప్పీ లేదు కానీ యూరిక్ యాసిడ్ 7.7 వచ్చింది. మందు మొదలుపెట్టాలా?

జవాబు: నొప్పి గానీ, గడ్డలు గానీ, యూరిక్ యాసిడ్ రాళ్లు గానీ లేనప్పుడు ఆ అంకె కోసమే మందు వేసుకోనక్కర్లేదు. టాక్రోలిమస్‌తో కూడా యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, సైక్లోస్పోరిన్‌తో అంత ఎక్కువ కాదు. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర ఏదైనా వాడుతుంటే అది నిజంగా అవసరమో కాదో డాక్టరును అడగండి. రెండు పాదాల్లోనూ ఒకేసారి నొప్పి మొదలై, కీళ్లు ఎర్రగా వాచకపోతే గౌట్ కంటే ముందు టాక్రోలిమస్ లెవెల్ చూపించుకోండి. అది ఎక్కువైనా కొందరికి ఎముకల్లో అలాంటి నొప్పి వస్తుంది.