వింటున్నవాళ్ల పట్టిక

అమ్మలూ,

డేటాబేస్ మార్పుల కబుర్లు ఏ ఏ క్లయింట్లు, అంటే దానికి కలిసి ఉండే ప్రోగ్రాములు, వింటున్నాయో ఒకే తెర మీద చూపించే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత మురిసిపోయానో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఆ పని నేనూ చేశాను, తప్పుగా చేశాను.

తెలిసినవే ముందు చెప్పేస్తా. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక ఛానల్ పేరు మీద కబురు పంపే ఆజ్ఞ నోటిఫై, ఆ ఛానల్‌ని వినే ఆజ్ఞ లిజన్. నోటిఫై కబురు కమిట్ అయ్యాకే, అంటే మార్పు ఖాయమయ్యాకే, బయల్దేరుతుంది. 8000 బైట్లలోపే ఉండాలి కాబట్టి మారినదాని ఐడీ పంపితే చాలు. కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్‌లో, ఒక్కో ట్రాన్సాక్షన్‌కే కనెక్షన్ అరువిచ్చే ట్రాన్సాక్షన్ పూలింగ్ గుండా లిజన్ పనిచెయ్యదు. ఏ ఛానళ్లు వింటున్నావో చెప్పే పీజీ_లిజనింగ్_ఛానల్స్ నీ సెషన్, అంటే నీ ఒక్క కనెక్షన్, సంగతే చెబుతుంది, పక్క సెషన్‌ది చెప్పదు. ఒకప్పుడు పీజీ_లిజనర్ అనే టేబుల్ ఉండేది, అందులో అందరూ కనబడేవారు. 2010లో 9.0 వచ్చినప్పుడు దాన్ని తీసేశారు.

అది పోయిందని నేనే ఒక టేబుల్ కట్టాను. క్లయింట్ లిజన్ అనగానే అందులో తన పేర ఒక వరస (రో) చేరుతుంది, వెళ్లేటప్పుడు తనే తుడుచుకుంటుంది. చెప్పకుండా పోయేవాళ్ల మాట నాకు తట్టనే లేదు.

అది ఒక ఆసుపత్రి పని. ల్యాబ్‌లో రిపోర్టు పడగానే వార్డు తెరకి కబురు వెళ్లాలి. ఒక రాత్రి చాలాసేపు రిపోర్టులేవీ రాలేదు. ఊరికే ఉన్న కనెక్షన్‌ని మధ్యలో ఫైర్‌వాల్ తెంపేసింది. వార్డులోని ప్రోగ్రాం ఏమీ పంపదు, వింటూ కూర్చుంటుంది, అందుకే తెగిన సంగతి దానికి తెలియదు. సర్వర్‌కీ తెలియదు. అవతలివాళ్లు ఇంకా ఉన్నారా అని చూసే లైనక్స్ కీప్‌అలైవ్ మామూలుగా 7200 సెకన్లు ఆగాకే తట్టి చూస్తుంది. నా టేబుల్లో మాత్రం వార్డులన్నీ పచ్చగా ఉన్నాయి. ఎదురుచూసి ఎదురుచూసి ఒక నర్సు తనే ల్యాబ్‌కి ఫోన్ చేసింది. "మీ రిపోర్టు వచ్చి గంటన్నర అయింది" అన్నారట. ఆ రోగి బాగానే ఇంటికెళ్లాడు. అయినా ఆ గంటన్నర ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. తెర ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు అనుమానపడేవారు. పచ్చగా ఉండబట్టే నిశ్చింతగా కూర్చున్నాం.

అందుకని నువ్వు వరసలు రాసుకోకు. ప్రతి క్లయింటూ లిజన్ చేసిన సెషన్‌లోనే ఒక షేర్డ్ అడ్వైజరీ లాక్ (ఒకేసారి చాలామంది పట్టుకోగల గుర్తు తాళం) తీసుకోనీ, ఛానల్‌కి ఒక నంబరు. సెషన్ చస్తే లాక్ దానంతటదే పోతుంది. తాళాల జాబితా పీజీ_లాక్స్‌ని సెషన్ల జాబితా పీజీ_స్టాట్_యాక్టివిటీతో కలిపితే ఎవరు ఎప్పట్నుంచి ఉన్నారో తెలుస్తుంది. తమ పేరు చెప్పే అప్లికేషన్_నేమ్ మాత్రం ప్రతివాళ్లూ పెట్టాలి, బద్ధకిస్తే ఊరుకోకు. కీప్‌అలైవ్ ఆగే సెకన్లు కూడా తగ్గించు.

ఇంతచేసినా అది కనెక్షన్ ఉందనే చెబుతుంది, విన్నారని చెప్పదు. నిమిషానికోసారి ఒకటొకటిగా పెరిగే నంబరుతో ఒక కబురు పంపు. ఆఖరుగా ఏ నంబరు విన్నదో క్లయింట్ తిరిగి రాయాలి. నీ తెర మీద ఆ నంబరే చూపించు, పచ్చ చుక్క వద్దు. నంబరు రాకపోతే క్లయింట్ తనే తెంపుకుని మళ్లీ కలవాలి. కలిశాక ముందు లిజన్, దాని తర్వాతే టేబుల్ చదవడం. తిరగేశావంటే మధ్యలో పడ్డ మార్పు పోయినట్టే.

ఇంకొకటి. వినే సెషన్ ట్రాన్సాక్షన్ తెరిచి మర్చిపోతే కబుర్లు వేచి ఉండే క్యూ ఖాళీ అవదు. నిండిందంటే నోటిఫై చేసే కమిట్లు ఫెయిలవుతాయి. క్యూ ఎంత నిండిందో చెప్పే పీజీ_నోటిఫికేషన్_క్యూ_యూసేజ్ మీద ఒక కన్నుంచు.

శుక్రవారానికల్లా ఇచ్చేస్తానన్నావటగా? ఎవరు తరుముతున్నారే నిన్ను? ఇంకో వారం అడుగు, ఇవ్వకపోతే నా మాటగా చెప్పు. తిట్టాననుకోకు తల్లీ. నీ వయసులో నాకు ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు.

కట్టడం అయ్యాక ఒక క్లయింట్ కేబుల్ పీకి, నీ తెరకి ఆ సంగతి తెలియడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం పెట్టి చూడు. ఆ అంకె నాకు ఫోన్ చేసి చెప్పు. అర్ధరాత్రైనా పర్లేదు, మేలుకునే ఉంటాను.

మీ పిన్ని